మూడో మలుపులో ఎర్రదీపం

మేస్త్రీ మామ పోయిన కబురు ఆయన ఇంటికి మోసుకెళ్ళింది నేనే. వాకిట్లో ఆసుపత్రి వ్యాను ఆపేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. "నంద్యాల పోయి రావాలంటే తెల్లారుతాది గదా, ఇంత తొందరగా వచ్చినారేంది?" అంది. నేను బండి దిగి తలపాగా తీశాను. ఆమెకు అదే చాలింది. పోయిన శుక్రవారం సంగతి ఇది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఆయనది నమాజు చేసే ఇల్లు, మాది చెన్నకేశవుడికి మొక్కే ఇల్లు. గిద్దలూరులో బస్సుల షెడ్డు పక్కన మోటారు బండ్ల తీగల పని చేసేవాడు. నేను ఆసుపత్రి వ్యాను డ్రైవర్ని. నన్ను అల్లుడా అనేవాడు. "కూతురు లేని మామవి, ఏం లాభం" అని నేను ఏడిపిస్తే, "ఉన్నా నీకియ్యను. నువ్వు గేరు మార్చేది చూసినా" అనేవాడు.

పని మొదలుపెట్టే ముందు బిస్మిల్లా అనుకొని, కరెంటు ఉందో లేదో చూసేందుకు రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఒకటి నోట కరుచుకునేవాడు. బండి దగ్గరికి వెంటనే వచ్చేవాడు కాదు. ముందు మనల్ని కూర్చోబెట్టి అడిగేవాడు. ఎక్కడ ఆరింది, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, వాన ఉందా, లోపల ఎంతమంది ఉన్నారు. "దీపానికి నోరు లేదు, నీకుంది. చెప్పు" అనేవాడు. ఇంకో మాట కూడా తరచుగా అనేవాడు: "కరెంటుకు పోయే దారి ఉంటే చాలదు అల్లుడా, తిరిగొచ్చే దారి ఉండాల." మోటారు బండిలో ఆ తిరిగొచ్చే దారి బండి ఇనుమే. దీపం నిలబెట్టిన కడ్డీ ఆ ఇనుముకు గట్టిగా ఆనుకొని ఉంటేనే దీపం వెలుగుతుంది. నాకు ఇది తెలిసేటప్పటికి ఆలస్యమైంది.

ప్రాణం మీదికి వచ్చిన వాళ్ళను నల్లమల కనుమ దాటించి నంద్యాల చేర్చడం మా వ్యాను పని. కనుమలో దారి ఒక బండికే సరిపోతుంది. పైనుంచి వెదురు ఎత్తిన ఎడ్లబండ్లు బారులు బారులుగా దిగుతుంటాయి. దిగే బండిని వెనక్కి నెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే మా బండి నెత్తిన ఎర్రదీపం. అది దూరం నుంచే కనిపిస్తే ముందు బండివాడు కేక వేస్తాడు, దారి వెడల్పున్న చోట అన్ని బండ్లూ పక్కకు తప్పుకుంటాయి. దీపం లేకపోతే మలుపులో ఎడ్లూ మేమూ ముఖాముఖి నిలబడతాం, లోపలి మనిషి మూలుగుతూ ఉంటాడు.

ఒకసారి మూడో మలుపులో బల్బు మాడింది. బండ్లు తొలిగేసరికి లోపలున్న తాపీ పనివాడు పోయాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అమావాస్యకు నిమ్మకాయ కోసి, ఉప్పూ పసుపూ కుంకుమా అద్ది, దీపం కడ్డీ మొదట్లో ఎర్రగుడ్డతో మూట కట్టాను. ప్రతి అమావాస్యకూ కట్టేవాణ్ణి. పాతది విప్పితే కీడు అని దానిమీదే కొత్తది.

అంత భక్తిగా కట్టినా కొన్ని నెలలకు అదే మలుపులో దీపం ఆరింది. పామూరు వైపు నుంచి తెచ్చిన ఒక ముసలమ్మ పోయింది. ఆ తర్వాత ఇంకోసారి ఆరింది. రాచర్ల గొర్రెలకాపరి ఒకడు పోయాడు. చుట్టుపక్కల ఊళ్ళలో మాట పుట్టింది: ఆ బండి కన్ను మూస్తే లోపలి మనిషి కన్ను మూస్తాడని. చుట్టాలు రోగి ముఖం చూడటం మాని కిటికీలోంచి మెడ సాచి దీపం చూస్తూ కూర్చునేవాళ్ళు. మా బండి వీధిలోకి వస్తే తలుపులు వేసుకునేవాళ్ళు. నేను మూటలు రెండు చేశాను.

మామ దగ్గరికి బండిని మూడుసార్లు తీసుకెళ్ళాను. షెడ్డులో దీపం నిక్షేపంగా వెలిగేది. బ్యాటరీ చూశాడు, స్విచ్చి విప్పాడు, తీగ మొత్తం కొత్తది వేశాడు. "దీనికి రోగం లేదు. కనుమలోనే వస్తాంది. ఈసారి నేనూ వస్తా" అన్నాడు.

ఆ ఈసారి మా అక్కకు వచ్చింది. రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. మునిమాపు వేళ, సన్నటి జల్లు. లోపల అక్క, అమ్మ, కాంపౌండరు. నా పక్కన మామ. మొదటి మలుపు దాటాం, రెండోది దాటాం. మూడోదాంట్లో బండి ముక్కు పైకి లేచింది, దీపం ఆరిపోయింది. పైన ఎక్కడో ఎడ్ల మెడగంటలు. అమ్మ లోపలి నుంచి "దీపం పోయిందిరో" అని గుండె బాదుకుంది. నేను బ్రేకు తొక్కి పట్టాను.

మామ కప్పు మీదికి ఎక్కాడు. కడ్డీ పట్టుకొని కదిలించాడు. తర్వాత తల కిందికి వంచి, "అల్లుడా, ఈ మూట ఇప్పాల. ఇప్పనా?" అన్నాడు.

"కీడు మామా!"

"గంటలు ఇనపడతాండాయి గదా. ఇప్పనా?"

"ఇప్పు" అన్నాను. అంత భయం నేను జన్మలో ఎరుగను.

కత్తితో గుడ్డ కోశాడు. ఇనుము గీకిన చప్పుడు వినిపించింది. జేబులోని తీగముక్క ఒక కొస కడ్డీకి చుట్టి, రెండో కొస గీకిన ఇనుము మీద బొటనవేలితో అదిమాడు. ఎరుపు మళ్ళీ రాళ్ళ మీద పడింది. పైన ఎవరో కేక వేశారు, గంటలు ఆగిపోయాయి. కనుమ దాటేదాకా ఆయన కప్పు మీదే కూర్చొని వానలో ఆ వేలు తియ్యలేదు. నంద్యాలలో దిగేసరికి దాని చర్మం లేచిపోయి ఉంది. అక్క బతికింది, మేనల్లుడు పుట్టాడు. వాడికిప్పుడు మీసాలు వస్తున్నాయి.

పొద్దున్నే మామ నన్ను కప్పు మీదికి పిలిచి కడ్డీని బిగించిన బోల్టు చూపించాడు. నిమ్మరసం, ఉప్పు తిన్న ఇనుము పొరలు పొరలుగా లేచిపోయింది. చదును మీద కడ్డీ బరువుకు ఎట్లాగో ఆనుకునేది. ఎక్కుడులో వెనక్కి వాలి ఇనుమును వదిలేసేది. దీపం ఆరిన కొద్దీ నేను నిమ్మకాయలు పెంచాను. నిమ్మకాయలు పెరిగిన కొద్దీ దీపం ఆరింది.

"మామా, ఆ ముసలమ్మ, ఆ గొర్రెలాయన... నా వల్లనే పోయినారా?" అని అడిగాను.

ఓదార్పు మాట చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. పుండుపడ్డ వేలు చూసుకుంటూ అన్నాడు: "నాకు తెలీదు అల్లుడా. నేను తీగల మనిషిని. కానీ తప్పు నీ ఒక్కనిది కాదు. మూడుసార్లు ఆ మూట నేనూ చూసినా. మీ దేవునిది, నేను ముట్టగూడదని వదిలేసినా. మర్యాదకు పోయినా."

ఆసుపత్రిలో అడిగితే తుప్పు అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. నిజం తెలిస్తే ఊరు నన్ను రాళ్ళతో కొట్టేదే. ఆయన చనిపోయేదాకా ఆ నిమ్మకాయ సంగతి మా ఇద్దరి మధ్యే ఉంది. ఇప్పుడు నేను ఒక్కణ్ణే మొయ్యలేక మీతో చెబుతున్నాను. ఆ ఇద్దరి ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదివితే నన్ను ఏమన్నా పడతాను. మామను మాత్రం ఏమీ అనకండి.

పోయిన శుక్రవారం ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. పడుకోబెట్టుకొని అదే కనుమ ఎక్కాను. మూడో మలుపు దగ్గర కాంపౌండరు నా వెనకున్న అడ్డచెక్క మీద తట్టి, "ఇంక తొందర లేదన్నా" అన్నాడు. దీపం వెలుగుతూనే ఉంది. దానిలో ఏ లోపమూ లేదు.

మనిషి పోతే దీపం ఆర్పడం మా రివాజు. నా చెయ్యి స్విచ్చి మీదికి పోలేదు. పైన చదునులో తప్ప బండి తిప్పే చోటు లేదు కాబట్టి ఎక్కుతూనే ఉన్నాను. వెదురు బండ్లు అప్పటికే పక్కకు తప్పుకొని వరసగా నిలబడ్డాయి. ముందు బండివాడు ఎడ్ల ముక్కుతాళ్ళు బిగించి పట్టుకొని, నవ్వు ముఖంతో కేక వేశాడు.

"దీపం బాగా ఎలుగుతాంది అన్నా! మీ మనిషికి ఏం గాదులే, పో!"

"అట్లనే అన్నా" అన్నాను. బండ్లన్నీ దాటేదాకా మెల్లగా పోయాను. ఒక్కొక్కరి ముఖం మీద ఎరుపు పడి జరిగిపోతోంది. ఒక్కొక్కరూ చెయ్యెత్తి మాకు దారి చూపిస్తున్నారు.