పక్కలు మూయని పటం

మా అత్త పోయిందన్న మాట నాకు తుమకూరులో తెలిసింది. బాలింత కూతురికి మిరియాల చారు కాస్తున్నాను. ఊరి నుంచి మా పెద్దోడు ఫోన్ చేసి, "అవ్వ లేదుమా. పొద్దున మజ్జిగ తాగి గోడకానుకొని కూచుండె. అంతే," అన్నాడు. పొయ్యి ఆర్పేశాను. కూతురింకా తినలేదని గుర్తొచ్చి మళ్లీ వెలిగించాను. మధుగిరి మీదుగా పావగడ దాకా బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఆమె నన్ను తిట్టిన తిట్లన్నీ ఒకటొకటిగా గుర్తొస్తుంటే, పక్కనున్న ముసలాయన ఏమనుకుంటాడో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నవ్వొచ్చింది మరి.

దినాల నాటికి పెద్దోడు ఆమె ఫోటోకు అద్దం ఫ్రేము వేయించి తెచ్చాడు. బతికినన్నాళ్లూ అద్దం ఫ్రేములను ఆడిపోసుకున్న మనిషికి చివరికి అదే వేయించాం. ఆమే చెప్పి పెట్టింది. "నేను పోయినంక నాకు నాలుగు పక్కలా మూసెయ్యండి. అప్పుడు గాలెందుకు నాకు," అనేది. ఈ మాట మీకు తెలియాలంటే ఆమె చేసిన పని గురించి కొంచెం చెప్పాలి.

నిడుగల్లు కొండ కింది పల్లెల్లో ఆమెను పటంకట్టెల అవ్వ అంటారు. పటంకట్టె అంటే పెద్ద విద్యేమీ కాదు. బొటనవేలంత లావు కట్టెను నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు బద్దల మధ్య పటం పై అంచును పెట్టి, రెండు కొసలా దారం బిగించి కడతారు. కింది అంచుకూ అట్లాగే ఇంకో కట్టె. పైకట్టెకు ఒక పురికొస కట్టి చిలక్కొయ్యకు తగిలిస్తే సరి. అద్దం లేదు, మేకు లేదు, పక్కల కట్టెలు లేవు.

మేము వడ్లపని, అంటే వడ్రంగం, చేసేవాళ్లం కాదు. ఒకప్పుడు గొర్రెలు కాసిన ఇల్లు మాది, తర్వాత శెనక్కాయ సేద్యం. మరి ఈ పని ఆమెకు ఎట్లా పట్టుబడిందంటే, ఓటు వేయడం వల్ల. బడిలో ఓట్ల వరుసలో నిలబడి, గోడకు వేలాడుతున్న కర్ణాటక మ్యాపును చూసిందట. వెనక గుడ్డ, పైనొక కట్టె, కిందొక కట్టె. ఇంటికొచ్చాక ఎవరికేశావమ్మా అని మా ఆయన అడిగితే ఆ సంగతే ఎత్తలేదు. "అంత పెద్ద దేశాన్ని రెండు పుల్లలు మోస్తా ఉండాయి రా," అంది. మర్నాడు పొద్దున్నే కత్తి పట్టుకొని వేపచెట్టు కింద కూర్చుంది.

ఆ కరువు ఏళ్లలో ఎండిన వేపకొమ్మలకు కొదవ లేదు. తోలు తీసి, నీడలో ఆరబెట్టేది. ఎండలో పెడితే కట్టె మెలి తిరుగుతుంది. కత్తిని కొసన ఆనించి రాయితో తట్టితే కట్టె చక్కగా రెండయ్యేది. గాజుపెంకుతో గీకి నున్నగా చేసి కానుగనూనె పూసేది. పెళ్లయిన కొత్తలో నేను సాయం చేద్దామని శెనగనూనె పూశాను. చీమలు వరుస కట్టి క్యాలెండరులో ఉన్న వెంకటరమణస్వామి పాదాల దాకా పోయాయి. "పోనీలే, సామికి నైవేద్యం పెట్టినావు," అంది అత్త. ఆ మాట ఊరంతా పాకడానికి చీమలకంటే తక్కువ సేపే పట్టింది.

కిందికట్టె ఎప్పుడూ పైదానికన్నా కొంచెం లావుగా ఉండాలనేది. కింద బరువు లేకపోతే కాగితం మొగోళ్ల మాదిరి ఎగిరెగిరి పడతాదట. మా ఆయన అక్కడే ఉంటే ఈ మాట ఇంకొంచెం గట్టిగా అనేది.

నేను వై.ఎన్.హొసకోట బడిలో చదివేటప్పుడు ఊలుతో ఒక చిలకను కుట్టాను. దానికి అద్దం ఫ్రేము వేయించే స్తోమత మా పుట్టింట్లో లేదు. అది నాతోపాటు ట్రంకుపెట్టెలో అత్తగారింటికి వచ్చింది. చీరలు సర్దుతుంటే ఆమె కంటబడింది. అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్టెలో ఉంటే ఇది చిలకెట్ల అయితాది, గుడ్డ గదా," అని రెండు కట్టెలు కట్టి, తన దేవుడి పటాల పక్కనే తగిలించింది. కొత్త కోడలినై ఆ ఇంట్లో యాడ కూర్చోవాలో, యాడ నిలబడాలో తెలియక తిరుగుతున్న నాకు ఆ పొద్దు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నేను కుట్టినది గోడ మీద ఉంది కదా అనుకున్నాను.

ఆ తర్వాత ఊళ్లో ఆడపిల్లలు కుట్టిన నెమళ్లు, స్వాగతాలు, బడిపిల్లలు గీసిన గాంధీతాతలు, చిరిగిపోయిన క్యాలెండర్లు అన్నీ మా ఇంటికి రావడం మొదలైంది. ఫ్రేము వేయించాలంటే శెనక్కాయలు బాగా పండిన ఏడు రావాలి. అట్లాంటి ఏడు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అత్త పుల్లలకు ఎవరూ ఏమీ ఇవ్వనక్కరలేదు. ఇంటికొచ్చినోళ్లు పిడికెడు శెనక్కాయలు తెస్తే వలుచుకుంటూ పని చేసేది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా పల్లెల్లో అద్దం వెనక ఉండేవాళ్లు రెండు రకాలే, దేవుళ్లు, పోయినవాళ్లు. బతికున్న మనిషి ఫోటోకు ఎవరూ ఫ్రేము వేయించరు. ఈ సంగతి నాకు తెలియక కాదు. దిగులులో ఉన్నప్పుడు తెలిసినవి కూడా గుర్తుకు రావు.

ఆ ఏడు విత్తనం కూడా చేతికి రాలేదు. దీపావళి మరునాడు మా ఆయన గుంపుతో కలిసి లారీలో బెంగళూరికి కట్టడాల పనికి పోయాడు. పెద్దోడు అప్పుడు నా చంకలో ఉన్నాడు. సంక్రాంతికి గుంపు తిరిగొచ్చింది గానీ ఆయన రాలేదు. వేరే మేస్త్రి దగ్గరికి మారినాడు, మాకు కనపడలేదు అన్నారు. జాబు లేదు, కబురు లేదు. పిల్లోడు నాయన మొహం మరిచిపోతాడేమో అన్న భయం పట్టుకుంది నాకు. బ్యాంకు లోనుకని తీయించిన చిన్న ఫోటో ఒకటుంటే పావగడ తీసుకుపోయి పెద్దది చేయించాను. మంచిగా ఉండాలని ఫ్రేము అంగడికి పోయాను.

అంగడాయన ఫోటో చూశాడు, నన్ను చూశాడు, చంకలో పిల్లోణ్ని చూశాడు.

"ఎప్పుడు పోయినాడమ్మా?"

"దీపావళి మరునాడు పోయినాడన్నా."

"చిన్న వయసే, పాపం."

"ఏం చేసేదన్నా. వానలు లేకపాయె."

వానలకూ చావుకూ ఏం సంబంధమని ఆయన అనుకున్నాడో ఏమో. సాయంత్రానికి కాగితంలో చుట్టి చేతికిచ్చాడు, దారి ఖర్చుకైనా ఉండనీ అని కూలి కూడా తగ్గించాడు. ఎంత మంచివాడు అనుకుంటూ బస్సెక్కాను.

ఇంటి ముందర అందరూ ఉండగా కాగితం విప్పాను. అద్దం మీద నుదుటి దగ్గర కుంకుమబొట్టు. ఫ్రేముకు చుట్టూ గంధపు పేళ్ల దండ. ఎవరో ఆడమనిషి ఏడుపు ఎత్తుకుంది, ఆమెను చూసి ఇంకొకామె. మా ఆయన పెదనాయన, అంటే అత్తకు బావ, అరుగు మీదనుంచి లేచి, ఇది ఊరికే జరగదని, శకునమని అన్నాడు. ఆ వారంలోనే పక్కింట్లో పేరంటం జరిగితే నన్ను పిలవలేదు. పేరంటానికి పిలిచే పసుపుతట్ట మా గడప తొక్కకుండా అవతలింటికి పోవడం నేను కిటికీలోంచి చూశాను. నా బతుకులో అంత చలేసిన పొద్దు ఇంకొకటి లేదు.

అత్త మాత్రం అంగట్లో ఆయన ఏమడిగాడు, నువ్వేమన్నావు అని నాతో రెండు సార్లు చెప్పించుకుంది. విని నవ్వింది. నిలబడలేక గోడ పట్టుకొని కూర్చొని నవ్వింది. "ఓసి నా తల్లీ, నువ్వే గదే సంపేసి వచ్చినావు," అంది. కళ్లు తుడుచుకున్నప్పుడు అవి నవ్వు నీళ్లో ఏవో నాకు తెలియలేదు.

వెంటనే పట్టుకారు తీసుకొని ఫ్రేము విప్పేసింది. ఆ నాలుగు కట్టెలనూ పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే చింతగింజల గంజి కాసింది. కంబళ్లు బిరుసుగా ఉండడానికి మా పాతవాళ్లు పెట్టే గంజి అది. తన పాత చీర ముక్కను ఫోటో వెనక అతికించి, బడిలోని మ్యాపు మాదిరి చేసి, పైనా కిందా వేపకట్టెలు కట్టింది. గోడకు తగిలించి వాళ్ల బావను పిలిచింది.

"బావా, పక్కలు చూడు. మూసి ఉండాయా? లేవు గదా. అంటే వాడు యాడో తిరుగుతా ఉండాడు. ఈ పటానికి ఎవురన్నా బొట్టు పెడితే చెయ్యి ఇరగ్గొడతా."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊరు ఊరుకుంది గానీ నాకు పేరంటం పిలుపు మాత్రం రాలేదు. ఉగాది పోయింది. ఒక మధ్యాహ్నం నేను నీళ్లు తెచ్చేసరికి అత్త ఆ పటం ముందర ఒక్కతే నిలబడి ఉంది. పక్కల్ని వేళ్లతో తడుముతోంది. ఆమెకూ భయం పట్టుకుందని అప్పుడు తెలిసింది. అంతదాకా నేను ఆమె ధైర్యం మీదే బతుకుతున్నాను.

రెండు రోజులకు ఆమె పటాన్ని కిందికట్టెకు చుట్టి, పైన గోతం దారం కట్టి, చంకలో పెట్టుకుంది. "అద్దం పటమైతే ఇట్ల సుట్టుకపోయేదానికి అయితాదా," అని, పనికి పోయే గుంపుతో బెంగళూరు లారీ ఎక్కింది. పావగడ దాటి ఎన్నడూ పోని మనిషి.

అక్కడ ఏం చేసిందో తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. కట్టడాలు ఎక్కడ లేస్తుంటే అక్కడ గుంపుతో ఇటుకలు మోసేది. కూలి పంచే పొద్దు జనం గుమిగూడిన చోట, టీ అంగడి గుంజకో ముళ్లకంచెకో పటాన్ని విప్పి తగిలించి కింద కూర్చునేది. ఒకాయన వచ్చి ఈయన ఏ పార్టీ నుంచి నిలబడినాడని అడిగాడట. ఒకామె దండం పెట్టి చిల్లర వేసిందట. పూలు తెచ్చినామెను మాత్రం అత్త వీధి చివరిదాకా తరిమిందట. పోయినాడా అని అడిగినవాళ్లందరికీ, పోయినాడు, యాడికి పోయినాడో చెప్పండి అనేదట.

ఇక్కడ నేను పిల్లోణ్ని ఎత్తుకొని సాయంత్రం బస్సుకు పోయి నిలబడేదాన్ని. వాన పడితే విత్తాలి, విత్తాలంటే ఇంట్లో మగమనిషి ఉండాలి. ఆమె కూడా తిరిగి రాకపోతే నేనేమైపోతానా అన్న ఆలోచన రాని పూట లేదు. నా భర్త మీద దిగులు ఒక ఎత్తు, ఆమె మీద దిగులు ఇంకో ఎత్తు. ఏది పెద్దదో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

ఒక సాయంత్రం బస్సులోంచి అత్త దిగింది. నల్లగా, సగమైపోయి, చంకలో పటం చుట్టతో. ఆమె వెనక మెట్ల మీద ఎవరూ లేరు. నా వైపు చూడను కూడా లేదు. కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు కదిలింది.

అత్త గిర్రున తిరిగి ఆ పటం చుట్టతో బస్సు రేకు మీద దబదబా బాదింది.

"నిలుపప్పా నిలుపు. నా కొడుకు దిగాల. వానికి కాలు బాగలేదు."

బస్సు ఆగింది. ముందు ఒక కర్ర కనిపించింది, తర్వాత గడ్డం. పరంజా మీదనుంచి పడి, కాలు అతికేదాకా ఇంట్లో మొహం చూపించలేక ఎక్కడో గుడిసెలో దాక్కున్నాడని, టీ అంగడి దగ్గర పటం చూసినవాళ్లు వచ్చి అత్తకు చెప్పారని తర్వాత విన్నాను. అప్పుడు మాత్రం నేను ఆయన్ను చూస్తూ నిలబడిపోయాను. చివరి మెట్టు మీద ఆయన తడబడ్డాడు. అత్త చెయ్యి ఇవ్వలేదు, పటం చుట్ట కొస అందించింది. ఆయన తన పటాన్ని తానే పట్టుకొని నేల మీద దిగాడు.

అప్పుడు అత్త నా వైపు తిరిగింది.

"ఎప్పుడు పోయినాడని అడిగినోళ్లకు చెప్పు మే. ఇప్పుడే వచ్చినాడని చెప్పు."

అంతే చెప్పి నడవడం మొదలుపెట్టింది. చుట్ట ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస ఆయన చేతిలో. మందలోంచి తప్పిపోయిన పొట్టేలును తోలుకొస్తున్నట్టు, దారంతా తిడుతూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, పేరంటం జరిగిన ఇంటి ముందునుంచే నడిచిపోయింది.