నోరీన్ వద్దన్న శిలువ

నోరీన్ హాగెన్ నోరు ఎలాంటిదో మా లోయలో ఎవరిని అడిగినా చెబుతారు. తొంభైమూడో నంబరు రోడ్డు మీద సూలా నుంచి డార్బీకి బడి బస్సు నడిపే మనిషి. పిల్లలు ఎక్కింది మొదలు దిగేదాకా బస్సులో ఆమె గొంతే. "ఒరేయ్ కోడీ! ఆ కాళ్లు దారికడ్డంగా పెట్టావంటే విరగ్గొట్టి చేతికిస్తా. మీ అమ్మకి నేను సమాధానం చెప్పుకుంటాలే." కోడీతో సహా అందరూ పడీ పడీ నవ్వేవారు.

ఎక్కడో ఆరిజోనా ఎడారిలో బయల్దేరి, నెవాడా, ఐడహో దాటి, కనుమ ఎక్కి మా మోంటానాలోకి దిగుతుంది ఆ రోడ్డు. పాలకి, పంచదారకి, పెళ్లికి, చావుకి మాకు అదొక్కటే దారి. దాని పక్కన అక్కడక్కడా ఎర్ర ఇనప కర్రల మీద తెల్లటి శిలువలు కనిపిస్తాయి. బండి ప్రమాదంలో మనిషి పోయిన చోటల్లా పాత సైనికుల సంఘం వాళ్లు ఒకటి పాతుతారు.

నోరీన్ మొగుడు డ్వేన్ పోయిన చోట మాత్రం లేదు. ఆమే వద్దంది.

డ్వేన్ ఏటా వేటకి వెళ్లేవాడు. చలికాలమంతా ఇంట్లో దుప్పి మాంసమే. అలాంటివాడు, ఓ జనవరి పొద్దున నది పక్క మలుపులో ఆడ దుప్పి అడ్డొస్తే తప్పించబోయాడు. స్టీరింగు పట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మేం మొదట చెప్పే మాట ఒకటే: జంతువు అడ్డొస్తే బ్రేకు నొక్కు, చక్రం తిప్పకు. సగం లోయకి ఆ మాట నేర్పింది డ్వేనే. అయినా ఆ క్షణాన చెయ్యి తిరిగిపోయింది. రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంది. బండి నదిలో పడింది. దుప్పి మాత్రం ఏమీ ఎరగనట్టు కొండెక్కి పోయింది, దాని జిమ్మడ!

అంత్యక్రియలయ్యాక సంఘం తరఫున ముసలి ఆర్లో లిండ్‌క్విస్ట్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. శిలువ మాట ఎత్తాడో లేదో, నోరీన్ ఒంటికాలి మీద లేచింది.

"నేను రోజూ ఆ మలుపు తిరగాలి బాబాయ్. బస్సు నిండా పిల్లలుంటారు. దాన్ని చూసి నా చేతులు వణికితే ఎవరిది పూచీ? ఇంకోసారి ఆ మాటెత్తావంటే మర్యాద దక్కదు!"

"సరే అమ్మాయ్," అని ఆర్లో టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

కూతురు టిల్లీకి అప్పటికి ఊహ తెలియదు. పెద్దయ్యాక "నాన్న ఎక్కడ పోయాడమ్మా?" అని అడిగితే, "అటెక్కడోలే" అని నోరీన్ మాట దాటేసేది. టిల్లీ చదువంతా ఆ బస్సులోనే, తల్లి వెనక సీట్లోనే సాగింది.

ఇప్పుడు ఆ పిల్లకి లైసెన్సు వచ్చింది. డార్బీలో ఓ మిఠాయి కొట్లో శనివారాలు పని దొరికింది. పొద్దున్నే, దుప్పులు నీళ్లకి దిగే వేళకి, ఒక్కతే బండి నడుపుకుంటూ వెళ్లాలి. ఇంట్లో సాలీడు కనిపిస్తే గ్లాసులో పట్టి బయట వదిలే రకం అది.

"దుప్పి అడ్డొస్తే?"

"బ్రేకు."

"చక్రం తిప్పుతావా?"

"తిప్పనమ్మా! ఎన్నిసార్లు చెప్పమంటావ్?"

"మీ నాన్నా ఇలాగే చెప్పేవాడే," అంది నోరీన్. ఆ వారం ఆమెకి ముద్ద దిగలేదు. వెళ్లొద్దంటే పిల్ల వినదు. వెళ్లమనడానికి నోరు రాదు.

శుక్రవారం పిల్లల్ని దించేసి నేరుగా ఆర్లో షెడ్డుకి వెళ్లింది.

"బాబాయ్, ఒక శిలువ చేసిపెట్టాలి. చీకటిపడేలోగా కావాలి."

"చెయ్యక్కర్లేదు," అన్నాడాయన. మూలనున్న సామాను జరిపి, ఎర్ర కర్రతో సహా ఒకటి బయటికి తీశాడు. ఎక్కడా తుప్పు లేదు. "ఏటా రోడ్డు మీదవాటికి రంగు వేసేటప్పుడు దీనికీ వేస్తున్నా. ఇది డ్వేన్‌ది."

నోరీన్ అక్కడే బోర్లించిన బకెట్టు మీద కూలబడి ఏడ్చింది.

"ఆరోజు అన్ని మాటలన్నాను. నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? బాగానే వచ్చింది. నీ మీద కోపానికి వాడికి రంగు మానేస్తానా?" శిలువ మీది దుమ్ము తుడుస్తూ అడిగాడు. "ఇన్నాళ్లూ వద్దని ఇప్పుడెందుకే?"

"రేపు టిల్లీ ఒక్కతే వెళ్తోంది. నా మాట మర్చిపోయినా, దీన్ని చూస్తే కాలు బ్రేకు మీదకి పోతుందని."

"అందుకేనే అమ్మాయ్ మేం పాతేది," అన్నాడు ఆర్లో.

పొద్దు వాలకముందే టిల్లీతో కలిసి ముగ్గురూ మలుపు దగ్గర బండి దిగారు. నోరీన్ చోటు చూపించబోయేలోగా టిల్లీ ముందుకి నడిచి, సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇక్కడేగా?"

నోరీన్ గబగబా దగ్గరికి వచ్చింది. "నీకెవరు చెప్పారే?"

"నువ్వే. ఇక్కడికి రాగానే నోరు మూసేస్తావు. ఆ పెద్ద దేవదారు దాటాక మళ్లీ కోడీగాణ్ణి తిట్టడం మొదలెడతావు. బస్సులో అందరికీ తెలుసమ్మా. ఇక్కడ మేమూ మాట్లాడం."

నోరీన్ తన దుఃఖం ఎవరికీ తెలియదనుకుంది. బస్సు నిండా ఉన్న పిల్లలు, ఆ అల్లరి కోడీగాడితో సహా, ఇన్నేళ్లుగా ఆమెతోపాటు ఆ మలుపులో నోరు కట్టేసుకున్నారు. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఆర్లో కర్ర పట్టుకుంటే తల్లీ కూతుళ్లు వంతులవారీగా సుత్తితో నేలలోకి దిగ్గొట్టారు.

మర్నాడు టిల్లీ వెళ్లాక నోరీన్ ఫోను పక్కనే కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. చివరికి ఫోను మోగింది.

"అమ్మా, కొట్టుకి వచ్చేశాను. మలుపులో దుప్పులు దిగాయి, పిల్లలతో సహా. శిలువ కనబడగానే వేగం తగ్గించేశా. అవి దాటేదాకా ఆగాను."

"..."

"చక్రం తిప్పలేదు. అమ్మా? ఇప్పుడు కూడా నోరు మూసేశావేంటి?"

నోరీన్ కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"పనికెళ్లింది ఫోన్లో కబుర్లు చెప్పడానికా? పో, పని చూసుకో!" అని తిట్టింది.