పెద్దమ్మ కారు, తొలి నూనె

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు పొద్దున్నే వచ్చింది. ఒడిశా బరంపురం పక్కన అంకులిలో నా కుట్టు దుకాణం తలుపు తీసి, మిషను మీద గుడ్డ తీస్తున్నాను. గోపాలపూర్ ఒడ్డున బోట్లు దిగే వేళకి ఎప్పటిలాగే ఇసక మీదికి వెళ్ళిందట. వంజరం చేపల బుట్ట దగ్గర బేరమాడుతూ ఉన్నట్టుండి కూలబడిందట. ఎవరిదో ఆటోలో బరంపురం ఆసుపత్రికి తీసుకొచ్చేలోగా అంతా అయిపోయింది. ఫోను చేసింది మా అత్త, అంటే పెద్దమ్మ ఆడపడుచు. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి, వదినతో కలిసి చేపల వ్యాపారం చేస్తున్న మనిషి. ఏడుస్తూనే ఆమె చెప్పింది: "కారు ఒడ్డునే ఉండిపోనాదే. తాళం వదిన రొంటినే ఉంది."

ఆ ఇద్దరిలో కారు నడపడం వచ్చింది పెద్దమ్మకే. అందుకే ఆమెను ఆమె కారులో తీసుకురాలేకపోయారు. 

చేపల బుట్టతో బస్సెక్కడం అంటే ఏమిటో ఎక్కినవాళ్ళకే తెలుసు. కండక్టరు ముక్కు మూసుకుంటాడు, పక్క సీటువాళ్ళు కొంగులు సర్దుకుంటారు, ఎవడో ఒకడు బుట్టని కాలితో వెనక్కి నెడతాడు. పెద్దమ్మ అన్నేళ్ళూ అన్నిటికీ ఓర్చుకుంది గాని, కాలితో నెట్టడానికి మాత్రం ఓర్చుకోలేకపోయింది. "నా బుట్టని ఎవులూ కాలితో తన్నకూడదు," అనేది. తల నెరిశాక బరంపురంలో డ్రైవింగు స్కూల్లో చేరి, కాలేజీ పిల్లల మధ్య తన వంతు కోసం కూర్చుంది. దసరాకి, వెనక సీటు మడిచి బుట్టలు పెట్టుకునే చిన్న కారు కొత్తది కొంది. చేపలమ్ముకునేదానికి కారేంటని చాలామంది మూతులు విరిచారు. నవ్విన నాపచేనే పండుతుందని ఆమె పట్టించుకోలేదు. నన్ను కూడా వదల్లేదు. పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టి తిట్టి నాకూ నేర్పింది. గేరు మార్చినప్పుడల్లా నేను బావిలో చేద లాగినట్టు లాగుతుంటే, "బలం కాదే, ఇనికిడి కావాల. బండి ఏటంటుందో ఇను," అనేది.

ఇక అసలు సంగతి, ఆ కారు తొలి నూనె. మా బోట్లవాళ్ళకి ఒక ఆచారం ఉంది. కొత్త ఇంజను బిగించాక కొన్ని వేటలకే అందులో ఉన్న తొలి నూనె దించేస్తారు. కొత్తలో ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని రాలిన పొడి అంతా ఆ నూనెలోకి దిగుతుంది. దించిన నూనెని పారబొయ్యరు. ఆ బోటు లంగరుకే రాస్తారు. మా పెదనాన్న తన బోటుకి కొత్త ఇంజను పెట్టించిన ఏడు చేపలు విరగబడ్డాయి. నూనె దించాలంటే ఒక పూట వేట మానాలి. "ఇంకొక్క ఏట, ఇంకొక్క ఏట," అంటూ ఆయన వాయిదా వేశాడు. పెద్దమ్మా సరేనంది. నడి సముద్రంలో ఇంజను పట్టేసింది. పక్క బోటువాళ్ళు తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు. మనిషి దక్కాడు గాని బోటు అమ్మేశారు. సొంత బోటున్న మనిషి పోయేదాకా పరాయి బోట్లలో కూలికి వెళ్ళాడు. లంగరొక్కటి మాత్రం ఇంటికొచ్చి పెరట్లో గోడ వార చేరింది. పాత ఇనుము కొనేవాడు ఎన్నిసార్లు అడిగినా పెద్దమ్మ ఇవ్వలేదు. "ఇంజను సెడలేదు. మా ఆశే దాన్ని సెడగొట్టింది," అనేది.

అలాంటి మనిషి కొత్త కారు విషయంలో ఊరుకుంటుందా? బరంపురానికి పట్టుమని పదిసార్లు వెళ్ళొచ్చిందో లేదో, నూనె దించెయ్యాలని పట్టు పట్టింది. బోట్ల మెకానిక్కు ఈ రోజే దించెయ్యమన్నాడు. సర్వీసు సెంటరుకి ఫోను చేస్తే ముట్టుకోవద్దన్నారు. ఎవరి మాట వినాలి? ఇద్దరి మాటా వినలేదు పెద్దమ్మ. ఒక రోజు బేరం మానుకుని, నన్ను వెంటబెట్టుకుని సర్వీసు సెంటరుకే బయల్దేరింది. ఖాళీ చేతులతో వెళ్ళకూడదని ఇంజనీరు కోసం ఒక పొట్లం కట్టింది. అది కార్తీకం, ఒడియా వాళ్ళు చాలామంది ఈ నెల చేప ముట్టరు కదా అని నేను గుర్తు చేశాను. ఆ మాత్రం తనకి తెలీదా అన్నట్టు చూసింది. అందుకేనట, నెల దాటాక వండుకోడానికి వీలుగా ఎండుచేప కట్టింది. తలుపులు బిగించిన ఆ ఏసీ గదిలో ఎండు సావిడాయి చేపల పొట్లం బల్ల మీద పెట్టేసరికి గదిలో ఉన్నవాళ్ళంతా లేచి బయటికెళ్ళారు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

ఇంజనీరు మాత్రం లేవలేదు. నవ్వి, పొట్లాన్ని సొరుగులో పెట్టుకుని, "కూర్చోండి మావుసీ," అని ఒడియాలో పెద్దమ్మ వరసే కలిపాడు. పెద్దమ్మ ఒడియాలో అడుగుతూనే ఉంది. దించొద్దంటే దించను, కానీ ఎందుకో చెప్పు అని. అతను విసుక్కోకుండా చెప్పాడు. పాత ఇంజన్లలో లోపలి భాగాలు గరుగ్గా ఉండేవి, పొడి ఎక్కువ రాలేది, అందుకే తొందరగా దించేవారు. ఇప్పుడు వాటిని నున్నగా చేస్తున్నారు, రాలే కాస్త పొడినీ ఫిల్టరు పట్టుకుంటుంది. కొన్ని కంపెనీలైతే భాగాలు ఒకదానితో ఒకటి కుదురుకోడానికి తొలి నూనెలోనే ఏదో కలిపి పోస్తాయి, ముందే దించేస్తే ఆ మేలు పోతుంది. అన్ని బండ్లకీ ఒకటే లెక్క లేదు, ఏ బండికి ఆ బండి పుస్తకమే చెప్పాలి అన్నాడు. పెద్దమ్మ అంతటితో వదల్లేదు. మరి నా బండి సందు సందుకీ ఆగుతుంది, ఉప్పుగాలిలో ఇసకలో తిరుగుతుంది, దానికీ అదే మాటా అని అడిగింది. అతను పుస్తకం తిరగేసి, అలా కష్టపడే బండికి వేరే వరుస ఉందని చూపించాడు. మామూలు బండికి ఏడాదయితే దీనికి ఆరు నెలలు. రాసినన్ని కిలోమీటర్లు ముందే తిరిగేస్తే అప్పుడే.

పెద్దమ్మ పుస్తకంలో ఆ వరుస మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది.

"బోటు ఇంజను నేర్పింది ఆ ఇంజనుకే. దీని మాట దీన్నే అడగాల. ముందూ కాదు, ఎనకా కాదు. ఏలకి."

మొగుడి బతుకుని మింగేసిన పాఠం అది. దాన్ని అన్నేళ్ళు గుండెకి కట్టుకుని, ఎదుటివాడు కారణం చెప్పగానే పక్కన పెట్టగలిగింది. నాకంత మనసు లేదు. ఆమెకి నేను మొక్కేది అందుకే.

ఆ తర్వాత ఆ వేళ కోసం చూస్తూ బతికిందంటే అబద్ధం కాదు. రోజూ పొద్దున్న నూనె చూసే పుల్ల పైకి లాగి, పాత చీర ముక్కతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుగులో పట్టి చూసేది. సాయంత్రం కారు కిందంతా మంచినీళ్ళు కొట్టి ఉప్పు కడిగేది. బండికింత సేవా అని అత్త వెక్కిరిస్తే, మనల్ని మోసేదానికి కాకపోతే ఎవరికి చేస్తామనేది.

ఆ వేళ రానే వచ్చింది. పెద్దమ్మే లేదు. ఒడ్డున ఉండిపోయిన కారుని ఎవరో తెచ్చి ఇంటి ముందు పెట్టారు. సరిగ్గా ఆరు నెలలు నిండే రోజు పెద్దకార్యానికి ముందే పడింది. మైల ఇంటి బండి బయటికి తియ్యకూడదన్నారు చుట్టాలు. నేను చెల్లెలి కూతుర్ని, నా మైల ఎప్పుడో తీరిపోయిందన్నా వినలేదు. అందరికన్నా గట్టిగా అడ్డం పడింది అత్తే.

"ఊరోల్లు ఏటనుకుంటారే? నాలుగు రోజులాగితే నూనె సచ్చిపోద్దా?"

చచ్చిపోదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఫోను చేస్తే ఇంజనీరూ అదే చెప్పాడు, నాలుగు రోజులకి ఇంజనుకేం కాదని. కానీ మా ఇళ్ళ సంగతి నాకు తెలుసు. పెద్దకార్యం అయ్యాక నెల మాసికం అంటారు, ఆ తర్వాత మంచిరోజు కాదంటారు, ఆ తర్వాత చేపలు బాగా పడుతున్నాయి, ఒక పూట పోతుందంటారు. ఈలోగా ఇంజను పోతే నష్టం నాకు కాదు, అత్తకే. మిగతా బతుకంతా ఆమె బుట్ట పట్టుకుని బస్సు మెట్ల దగ్గర నిలబడాలి.

"అత్తా, ఇంకొక్క ఏట అన్న మాట ఈ ఇంట్లో మళ్ళీ అనొద్దు. నేను తీసుకెళ్తాను. రోజూ పొద్దున్న దుకాణం తెరిచేలోగా నిన్నూ బుట్టల్నీ నేనే దింపుతాను. నువ్వు బస్సెక్కవు."

అత్త పెరటి వైపు చూసింది. గోడ వార లంగరుంది. లేచి లోపలికెళ్ళి తాళం తెచ్చింది. నా చేతికిస్తుందనుకున్నాను. తాళం చేత్తోనే వెళ్ళి, డ్రైవరు పక్క సీట్లో తనే ముందు కూర్చుంది. చుట్టాలు గుమ్మంలో నిలబడి చూస్తుండగా బండి తీశాను. గేరు మెత్తగా పడింది.

సర్వీసు సెంటర్లో నూనె దించుతుంటే ఇద్దరం దగ్గరే నిలబడ్డాం. సన్నని ధారగా, చిక్కగా, నల్లగా దిగింది. కొంచెం మాకిమ్మని అడిగాను. దించిన నూనెని మామూలుగా బయటికివ్వరని ఇంజనీరు సందేహించాడు. ఎందుకో చెప్పాక, మావుసీ కోసమంటూ ఒక చిన్న సీసాలో పోసిచ్చాడు.

ఇంటికొచ్చాక అత్త పెరట్లో చతికిలబడి, ఆ నూనెని అరచేత్తో లంగరుకి రాసింది. ఎన్నేళ్ళ తుప్పో, పోసిందంతా తాగేసింది. మళ్ళీ పోసింది. రాస్తూ ఏడ్చింది, ఏడుస్తూ రాసింది. నేనూ కూర్చుని రెండో వైపు రాశాను. చేతులు తుడుచుకోడానికి అత్త, పెద్దమ్మ నూనె పుల్ల తుడిచిన చీర ముక్క తెచ్చి, తుడుచుకున్నాక లంగరు కొమ్ముకే కట్టింది.

పెద్దకార్యం అయిన మర్నాడు పొద్దున్న ఆ ఇంటికెళ్ళాను. అత్త బుట్టలు కారులో సర్దుతోంది. పుల్ల లాగి తుడుద్దామని గుడ్డ కోసం పెరట్లోకి వెళ్ళాను. లంగరు నల్లగా మెరుస్తోంది. దాని మీద అత్త అరచేయి ఒక పక్క, నాది ఒక పక్క, వేళ్ళతో సహా అచ్చుపడి ఉన్నాయి. కొమ్ముకి కట్టిన చీర ముక్క సముద్రపు గాలికి ఊగుతోంది.