పుల్లటి జిగురు

పొద్దున భద్రాచలంల నా రిపేర్ షాపుకు కన్నమ్మవ్వ మళ్లీ వచ్చింది. అడవిల జిగురు ఏరి అమ్ముతది, ఎకరం మిర్చి ఏస్తది. పోయిన వారం ఆమె మందు కొట్టే బ్యాటరీ పంపు సర్క్యూట్ బోర్డు మీద కెపాసిటర్ ఊగుతుంటే గ్లూ గన్‌తోటి అంటించి ఇచ్చిన. ఎండకు ఆ గ్లూ కరిగి, కెపాసిటర్ ఊడింది. అక్కడ మిర్చికి పురుగు పట్టిందని అవ్వ ఒకటే గాబరా.

"ఈసారి సిలికాన్ జిగురు పెడుత, కరగది" అని ట్యూబ్ మూత తీసిన. అవ్వ వాసన చూసింది.

"ఏంది బిడ్డా, పుల్లగున్నది? బోర్డు మీద ఆ గీతలు రాగియేనా?"

"అవ్, రాగే."

"పులుపు తగిలితే రాగి చెంబే అరుగుతది. నీ గీతలు ఉంటయా?"

నవ్వుకుంట ట్యూబ్ వెనక చదివిన. రాగి మీద వాడొద్దని చిన్న అక్షరాలల్ల రాసి ఉంది. అది బాత్రూం సింకుకు పెట్టేదట!

ఊడిన కెపాసిటర్‌కు టంకం ఏసి, బోర్డులకు పెట్టే వాసన లేని సిలికాన్ తెచ్చి పెట్టిన. అది ఆరేదాక వాడుకొమ్మని షాపుల ఉన్న ఇంకో పంపు ఇచ్చిన.

అవ్వ లేవబోతుంటే, టీవీ బాగు చేపియ్యనీకి వచ్చి బెంచీ మీద కూసున్న ఒకాయన తన టీవీ బోర్డు ఆమె ముందు పెట్టిండు. "అవ్వా, జర దీన్ని గూడ వాసన చూడు."

గిట్లయితే నా దుకాణం ఎట్ల నడవాలె, మీరే చెప్పున్రి.