వెనుక వసారాలో బంగారు చేప

నా చిన్నప్పుడు బోధన్‌లో మా ఇల్లు చక్కెర మిల్లుకు వెళ్లే దారి మీదే ఉండేది. చలికాలం వచ్చిందంటే రుద్రూర్ వైపు నుంచి, కోటగిరి వైపు నుంచి చెరుకు బండ్లు వచ్చి మా వాకిలి ముందు వరుస కట్టేవి. అలాంటి ఒక బండి మీద నుంచి జారిపడి నేను కాలు విరగ్గొట్టుకున్నాను. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో సిమెంటు కట్టు వేసి పంపారు. రోజంతా గంతులు వేసే పిల్ల మంచానికి అతుక్కుపోయిందని మా బాపు మనసు ఊరుకోలేదు. పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు డబ్బాలో నీళ్లు పోసి బంగారు చేపలను తెచ్చాడు. ఇనుప చట్రానికి అద్దాలు బిగించిన తొట్టి చేయించి, ముందరి గదిలో నా మంచం పక్కనే పెట్టించాడు.

ఆ రోజుల్లో మా వాడలో అలాంటిది ఎవరూ చూసి ఉండలేదు. నన్ను పలకరించే వంకతో చేపలను చూడటానికి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు నా చేతిలో జామపండు పెట్టి, తొట్టిలో గుప్పెడు మురమురాలు వేసి పోయేవారు. చేపలు తిన్నన్ని తినేవి, మిగిలినవి నాని అడుగున పేరుకునేవి. నీళ్లు క్రమంగా బియ్యం కడిగిన నీళ్లలా తయారయ్యాయి.

ఆలోగా నా కాలి కట్టు విప్పేశారు. ఎముక బాగా అతుక్కుందని, ఇక నడిపించమని డాక్టరు చెప్పారు. కానీ నేను ఆ పాదం నేల మీద మోపితే కదా! మోపగానే మళ్లీ ఫటుక్కున విరుగుతుందని నా భయం. అమ్మ బతిమాలింది. అవ్వ జిలేబీ ఆశ పెట్టింది. బాపు ఒకసారి గట్టిగా కోప్పడ్డాడు, ఆ వెంటనే ఆయన కళ్లల్లోనే నీళ్లు తిరిగాయి. చివరికి ఎక్కడికి వెళ్లాలన్నా నన్ను ఎత్తుకునే తీసుకెళ్లేవారు.

అప్పుడే మా మేనత్త సెలవు మీద వచ్చింది. ఆమె నిజామాబాద్ ఆసుపత్రిలో నర్సు. సన్నగా, ఎత్తుగా ఉండేది. ఏ పని చేసినా తొందర లేకుండా, తడబాటు లేకుండా చేసేది. నా కాలును చేతుల్లోకి తీసుకుని మోకాలు నుంచి మడమ దాకా తడిమి చూసింది. నడవమని ఒక్క మాట కూడా అనలేదు. లేచి తొట్టి దగ్గరికి వెళ్లి, నడుము వంచి చాలాసేపు చూసింది.

"గీ చేపకు ఏమైందే బిడ్డా? తోక సూసినవా?"

నేను మంచం మీదే జరిగి చూశాను. అన్నిటికంటే పెద్ద చేప, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అడుగున ఒక మూలన కదలకుండా ఉంది. దాని తోక అంచు తెల్లబడి, పాత చీర కొంగులా పీలికలుగా చీలి ఉంది. తోక మొదట్లో సన్నటి ఎర్ర చారలు. రెక్కలు ఒంటికి అతికించుకుని ఉంది.

అవ్వ వచ్చి చూసి, ఇంత పసుపు కలపమంది. పక్కింటి పెద్దమ్మ వేపాకు రసం అంది. బాపు మాత్రం దిగులుగా, "దాన్ని తీసి కాలువల ఇడిసిపెడ్త. లేకుంటే అన్నిటికి అంటుకుంటది," అన్నాడు.

మా మేనత్త అందరి మాటలూ విన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "అన్నా, నాకు చేపల సంగతి తెల్వది. పుండు సంగతి తెలుసు. ఇది కుళ్లుపుండే. ముందుగాల మురికి పోవాలె. మురికినీళ్లల్ల మందు పోస్తే, మందును మురికే మింగుతది."

ఆమె తెల్లని పింగాణి బేసిన్ తెప్పించింది. పుండు స్పష్టంగా కనిపించాలంటే తెలుపే కావాలట. నల్లా నీళ్లను, వాటిలోని క్లోరిన్ వాసన పోయేదాకా బకెట్లో నిలవ ఉంచి వాడింది. చేపను చేత్తో పట్టకుండా గిన్నెతో నీళ్లతో సహా ఎత్తి అందులోకి మార్చింది. చిటికెడు గళ్ళ ఉప్పు వేసింది. తన సంచిలోంచి చిన్న సీసా తీసింది. ఆసుపత్రిలో పుండ్లు కడిగే అక్రిఫ్లేవిన్ మందు అది. చేపకు ఎంత పోయాలో తనకు తెలియదు కాబట్టి తక్కువతో మొదలుపెడతానంటూ చుక్కలు వేసింది. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి.

"గదే కదనే నేను చెప్పింది! పసుపే ఏసినవు గద!" అని అవ్వ సంబరపడింది.

"అవునమ్మా, నీ మాట ఎప్పుడన్న తీసేసిన్నా?" అని మా మేనత్త నవ్వింది.

పెద్ద తొట్టిలో అడుగు మురికిని రబ్బరు గొట్టంతో లాగేసింది. నీళ్లన్నీ ఒక్కసారే మారిస్తే మిగిలిన చేపలు తట్టుకోలేవని, రోజూ కొంత కొంత మార్చమని అమ్మకు చెప్పింది. మురమురాలు బందు. ఆ తర్వాత బేసిన్ ఎత్తుకుని ఇంటి వెనుక వసారాలోకి తీసుకెళ్లింది.

"అక్కడ పెడ్తే నాకు కనపడది కదత్తా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"కనపడది. ఆడ చల్లగ నీడ ఉంటది, మందికి దూరం ఉంటది," అన్నది. గడపలో ఆగి మళ్లీ అంది: "గాని సూసుడు నీ పనే. పుండును దినాం ఒక్కటే కన్ను సూడాలె. ఇయ్యాల ఒకలు, రేపు ఒకలు సూస్తే పెరిగిందో తగ్గిందో ఎవ్వలకు తెల్వది. నువ్వు చెప్తేనే నేను మందేస్త."

నాకు అంత పెద్ద పని అంతకు ముందు ఎవరూ అప్పగించలేదు. మొదట బాపు ఎత్తుకుని తీసుకెళ్లాడు. మర్నాడు బాపు డ్యూటీకి వెళ్లిపోయాడు, అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి, మేనత్త బట్టలు ఉతుకుతోంది. నేను పిలిచాను, పిలిచాను. "వస్తున్న" అని జవాబు వచ్చేది, మనిషి వచ్చేది కాదు. చేపను ఆ రోజు ఇంకా ఎవరూ చూడలేదు. మంచం దిగి, గోడ పట్టుకుని, కుంటుతూ, ఆగుతూ వసారా చేరాను. అక్కడే పీట మీద కూలబడ్డాను. కాలు నొప్పి పెట్టింది గానీ విరగలేదు.

అలా రోజూ వెళ్లేదాన్ని. వెళ్లినా గోడ వదిలేదాన్ని కాదు. చేప మాత్రం బాగుపడలేదు. తోక ఇంకాస్త కరిగింది, ఎర్ర చారలు ముదిరాయి. నేను చూసింది చూసినట్టు చెప్పాను. మా మేనత్త తల ఊపి, మందు ఒక్క చుక్క పెంచింది. మందులు మార్చలేదు, కంగారు పడలేదు.

ఒక ఉదయం వసారాలో బాపు గొంతు వినిపించింది. "ఎందుకే దీన్ని గింత గోస పెట్టుడు? పొల్ల ముంగట సచ్చేకంటె కాలువల ఇడుస్త." బేసిన్ అంచు రాతికి గీసుకున్న చప్పుడు.

నేను మంచం మీద నుంచి ఎలా లేచానో, ఆ రెండు గదులు ఎలా దాటానో ఇప్పటికీ చెప్పలేను. "తియ్యొద్దు బాపూ! ఎర్ర గీత తగ్గింది! నిన్న ఈడిదాక ఉండె, ఇయ్యాల లేదు! నేనే సూస్తున్న కద!" అని అరుస్తూ బేసిన్‌కు అడ్డంగా నిలబడ్డాను. నిజంగానే తగ్గింది. ముందురోజు సాయంత్రం అనుమానంగా ఉంది, ఇప్పుడు బేసిన్ దగ్గరికి రాగానే ఉదయం వెలుగులో ఖాయమైంది.

బాపు బేసిన్ కిందికి దించాడు. ఆయన చేపను చూడటం లేదు, నా పాదాల వైపు చూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ నాకు చాలా దూరంలో ఉంది. నేను రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాను.

మా మేనత్త ఒక్కతే ఏమీ జరగనట్టు, "ఆ చెంబు ఇటు తే బిడ్డా, నీళ్లు మార్చాలె," అన్నది. నేను వెళ్లి తెచ్చాను.

ఆ తర్వాత తోక అంచున తెల్లదనం పోయింది. గాజు కాగితంలా పలచటి కొత్త తోక పీలికల మధ్య నుంచి పుట్టుకొచ్చింది. ఉడికించిన గుడ్డు సొనలో ఆవగింజంత వేస్తే తిన్నది. పుండు పూర్తిగా శుభ్రపడ్డాక మందు ఆపి, ఇంకొన్ని రోజులు ఉత్త నీళ్లలో ఉంచి, అప్పుడే తొట్టిలో వదిలాము. తోక ఒక పక్కన మునుపటంత పొడవు ఎన్నడూ పెరగలేదు. ఈదడానికి ఆ లోటు అడ్డం రాలేదు.

నా పెళ్లయ్యాక ఒకసారి మాటల్లో ఆ సంగతి వస్తే, మా మేనత్త ముసిముసిగా నవ్వింది. "నీడ నీ మంచమున్న ముందరి అర్రల గూడ ఉండెనే," అన్నది. చేపను వెనుక వసారాలో ఎందుకు పెట్టిందో నాకు అర్థం కావడానికి అన్ని సంవత్సరాలు పట్టింది.

మొన్నామధ్య మా ఆయనకు పక్షవాతం తగిలి కుడి చేయి పట్టు తప్పింది. పిల్లలు మంచం మీదికే అన్నీ అందించబోతే నేను వద్దన్నాను. చిక్కుడుకాయల చాట ఆయన ఒళ్లో పెట్టి, "నాకు కండ్లు ఆనుతలేవు, జర ఈనెలు తియ్యి. కూర నువ్వు తీస్తేనే," అన్నాను. ఆ రోజు మా ఇంట్లో కూర చాలా ఆలస్యమైంది. మందులు డాక్టర్లు ఇస్తారు, ఇవ్వాలి కూడా. కానీ మంచం పట్టిన మనిషికి, "నీ కోసం ఒకటి ఎదురుచూస్తోంది, లేచి రా" అని చెప్పే పని ఒకటి ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. నాకు అది చేతనవును.