చెరిపేశానని చెప్పిన వీడియో

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, బయటికి అనలేకపోయాను. ఇవాళ మీకు చెప్తాను. మీరు నన్ను ఎరగరు. నేను మిమ్మల్ని ఎరగను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చేసింది తప్పు. కానీ అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు మొదట కలిగేది గర్వం. సిగ్గు తర్వాతెప్పుడో, నెమ్మదిగా వస్తుంది. తప్పు చేసినవాళ్ళకి ముందు సిగ్గు వెయ్యాలి కదా? నాకెందుకు వెయ్యదు? ఈ ప్రశ్నకి జవాబు దొరికాక రాద్దామనుకుంటూ ఇన్నేళ్ళు ఆగాను. దొరకలేదు. అయినా రాస్తున్నాను.

మేము మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. నాది ఆయన మీద ఆధారపడి వచ్చిన హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. గుంటూరులో నా జీతం నేను తెచ్చుకున్నదాన్ని. ఇక్కడికొచ్చాక ఎవరింటికెళ్ళినా ఫలానావారి మిసెస్‌ని, ఫలానా పాప వాళ్ళ మమ్మీని. నా పేరు నాకే కొత్తగా వినిపించే రోజులవి.

అప్పుడు వచ్చింది ఆ కెమెరా. థాంక్స్‌గివింగ్ సేల్‌లో మా ఆయన కొనుక్కొచ్చారు. అరచేతిలో ఇమిడిపోయే వీడియో కెమెరా, వెనక పెద్ద ఎర్ర బటన్. నొక్కితే ముందువైపు చిన్న ఎర్ర లైటు వెలిగి రికార్డింగ్, మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది. పక్కనున్న మీట జరిపితే యూఎస్‌బీ ముక్క బయటికొస్తుంది, దాన్ని నేరుగా కంప్యూటర్‌కి పెట్టెయ్యడమే. "మన పెద్ద కెమెరా పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ తప్ప బీరువాలోంచి రాదు. దీన్ని రోజూ వాడి చూడు. నచ్చకపోతే రిటర్న్ చేసేద్దాం," అన్నారు.

రోజూ వాడాను. హ్యాండ్‌బ్యాగ్‌లో, కోటు జేబులో, కార్‌లో కప్పు పెట్టుకునే చోట, ఎక్కడికెళ్ళినా అది నాతోనే. కారు అద్దం మీద గడ్డకట్టిన మంచుని మా ఆయన గీకుతుంటే తీశాను. మా పాప స్నేహ స్కూల్ బస్సు దిగి, మంచులో కావాలని కాళ్ళీడ్చుకుంటూ రావడం తీశాను. ఇడ్లీ గిన్నె మూత తీసినప్పుడు లేచే ఆవిరి కిటికీలోంచి పడే వెలుగులో ఎలా మెలితిరుగుతుందో తీశాను. చెయ్యి వణక్కుండా ఉండాలంటే మోచేతుల్ని పక్కలకి ఆనించుకోవాలనీ, వెలుతురు మన వెనక ఉండాలనీ, దీంట్లో జూమ్ చేసేకంటే రెండడుగులు దగ్గరికెళ్ళడం నయమనీ ఎవరూ చెప్పకుండానే పట్టేశాను. మా ఆయన చూసి, "నీ కన్ను బాగుంది," అన్నారు. ఎన్నాళ్ళకో నన్ను ఒకరు మెచ్చుకున్నారు. ఆ మాటని వారం రోజులు లోలోపల చప్పరించాను. రిటర్న్ మాట మళ్ళీ రాలేదు.

మా పై ఫ్లోర్‌లో సరస్వతక్క ఉండేది. కరీంనగర్ వైపు మనిషి. ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఆమెకి నత్తి. కొత్తవాళ్ళ ముందు మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది. పెదాలు బిగుసుకునేవి, కళ్ళు కిందికి వాలిపోయేవి. అందుకని బయట ఆమె తరఫున భర్త భాస్కర్ గారే మాట్లాడేవారు. షాపులో, డాక్టర్ దగ్గర, ఆఖరికి ఫోన్‌లో పిజ్జా ఆర్డర్ చెయ్యాలన్నా ఆయనే. నాతో మాత్రం బాగానే మాట్లాడేది. ఆగినచోట నేను ఆగేదాన్ని. మిగతా మాట నేను పూరించేదాన్ని కాదు. అది ఆమెకి నచ్చేదనుకుంటాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్నేహ హోంవర్క్ ముందేసుకుని ఏడుస్తోంది. భిన్నాల భాగహారం. రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించమని టీచర్ చెప్పిందట, ఎందుకో మాత్రం చెప్పలేదట. అక్క అప్పుడే పెరుగు తోడు కోసం కిందికొచ్చింది. ఏడుపు చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్ళెంలోంచి ఒక చపాతీ తీసుకుంది.

నేను పొయ్యి దగ్గరున్నాను. కెమెరా కిటికీ గట్టు మీదుంది. ఎర్ర బటన్ నొక్కి, పప్పు డబ్బాకి ఆనించి పెట్టాను. అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. రోజూ తీసేదాన్ని కదా, ఇదీ ఒకటి అనుకున్నాను.

మొదట "చ... చ..." అని ఇరుక్కుపోయింది. స్నేహ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఊరికే చూస్తోంది. తర్వాత మాట వచ్చింది. ఇక ఆగలేదు. చపాతీని సగానికి చించి, "ఇది అర. ఇందుల పావు ముక్కలెన్ని వస్తయి?" అంది. స్నేహ ఆ సగాన్ని మళ్ళీ చించింది. "టూ! ఆంటీ, టూ వచ్చింది!" అని అరిచింది. "మరి అరని పావుతోని భాగిస్తే రెండు ఎందుకొస్తదో ఇప్పుడు చెప్పు." కాసేపు తెలుగులో, కాసేపు ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా చెప్పుకుంటూ పోయింది అక్క. ఆమె మొహంలో అలాంటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు. చివరికి స్నేహ చపాతీ ముక్కలన్నీ తినేసి, "వన్ మోర్ ప్రాబ్లం," అని అడిగింది. లెక్కలంటే ఏడ్చే పిల్ల!

అప్పుడు అక్క కిటికీ వైపు చూసింది.

"ఆ ఎ... ఎర్ర లైటేంది?"

"కెమెరా అక్కా. ఊరికే, ట్రై చేస్తున్నా."

ఆమె మొహం పాలిపోయింది. "తీసేయ్. నాకు ఇష్టం లేదు. ఇప్పుడే తీసేయ్."

"చాలా బాగా వచ్చింది, ఒక్కసారి చూడు."

"నా పెళ్ళి క్యాసెట్ తెలుసా నీకు?" అంది. అత్తగారింట అడుగుపెడుతుంటే ఆడపడుచులు గుమ్మంలో అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమన్నారట. 'భ' దగ్గర ఇరుక్కుపోయింది. వీడియో అతను లైటు మొహమ్మీద వేసి అలాగే తీశాడు. తర్వాత ఇంట్లోవాళ్ళు ఆ ముక్కని రివైండ్ చేసి చేసి చూసి నవ్వుకున్నారట. "అందరు నవ్విన్రు. నేను వంటింట్ల ఉండి విన్న. నన్ను క్యాసెట్లల్ల పెట్టొద్దు చెల్లే. ఒట్టెయ్."

"ఒట్టు," అన్నాను. కెమెరా చేతిలోకి తీసుకుని ఏవో బటన్లు నొక్కాను. "చెరిపేశాను," అన్నాను.

చెరపలేదు.

ఎందుకు చెరపలేదు? అది నేను తీసినవాటిల్లోకెల్లా మంచిది. పక్కనుంచి పడుతున్న ఎండ, చపాతీ చించే వేళ్ళు, స్నేహ మొహంలో ఒక్కసారిగా వచ్చిన మార్పు. నా చేతుల్లో అంతకుముందు అలాంటిది పుట్టలేదు. దాన్ని చంపడానికి మనసొప్పలేదు. ఇంతవరకైతే మీరు నన్ను క్షమించేస్తారేమో. ఆగండి.

కొన్ని వారాల తర్వాత పక్క ఊరు నోవైలో తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంట చేసుకుని వెళ్ళాం. అక్కావాళ్ళు ఊళ్ళో లేరు, షికాగో వెళ్ళారు. భోజనాలయ్యాక ఎవరో నా కెమెరా చూసి, "ఇంత చిన్నదాంట్లో క్లారిటీ ఏముంటుంది?" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. వాళ్ళ ల్యాప్‌టాప్‌కి పెట్టి, పెద్ద టీవీలో వేశాను. మంచు వేశాను, ఇడ్లీ ఆవిరి వేశాను. అందరూ ఆహా అన్నారు. ఇంకా అనిపించుకోవాలనిపించింది. ఆ వీడియో కూడా వేశాను.

"చ... చ..." దగ్గర వెనక సోఫాలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "అదేంటది, మళ్ళీ పెట్టండి," అని ఆ ఇంటావిడ అంది.

మళ్ళీ పెట్టాను.

ఇదీ నా తప్పు. చెరపకపోవడం కాదు, అబద్ధపు ఒట్టు కూడా కాదు. ఆ క్యాసెట్ కథంతా నా చెవులతో విని కూడా, వెనక్కి తిప్పి, రెండోసారి వేశాను. నా వేలితో. ఎందుకు వేశానో నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. ఇంటివాళ్ళు అడిగితే కాదనలేకపోయానని మొదట్లో చెప్పుకున్నాను. అబద్ధం. గదిలో అందరి కళ్ళూ నేను తీసినదాని మీదున్నాయి. అవి పక్కకి తిరగకూడదు. అంతే.

రెండోసారి కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత అక్క మాట సాగింది, నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు కూడా వచ్చి నిలబడి చూశారు. అయిపోయాక లలితా ఆంటీ నా పక్కకి వచ్చారు. గుడి బేస్‌మెంట్‌లో శనివారాలు పిల్లలకి ఉచితంగా లెక్కల క్లాసులు నడిపేవారావిడ. "ఎవరమ్మా ఈ అమ్మాయి? నాకు ఈ అమ్మాయి కావాలి," అన్నారు.

అప్పుడు భయం వేసింది. ఆంటీ చేతులు పట్టుకున్నాను. వీడియో సంగతి చెప్పొద్దనీ, పిల్లలెవరో చెప్పగా విన్నానని చెప్పమనీ బతిమాలాను. ఆవిడ "సరే," అన్నారు. అంత పెద్దావిడ చేత కూడా అబద్ధమాడించాను.

ఫోనొచ్చినప్పుడు అక్క రానంది. మళ్ళీ చేస్తే మళ్ళీ రానంది. ఆంటీ వదల్లేదు. చివరికి ఒక శనివారం నేనే కార్‌లో దింపాను. గుడి మెట్ల దగ్గర నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. లోపలికెళ్ళాక పిల్లల ముందు మాట ఇరుక్కుంది. పిల్లలు ఆగారు. వాళ్ళకేం తొందర లేదు. తర్వాత మాట వచ్చింది.

ఆ మిగతాదంతా ఆమె గొప్పతనం. ఆ బేస్‌మెంట్ చాలక గుడివాళ్ళు పై హాలు ఇచ్చారు. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఆమె కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరింది. నత్తి పోలేదు. దాన్ని దాచుకోవడం మానేసిందంతే. పిజ్జా ఆమే ఆర్డర్ చేస్తుంది. భాస్కర్ గారు పక్కన కూర్చుని వింటారు. ఆమెని తలుచుకుంటే నా గుండె ఉప్పొంగుతుంది. ఆ వెలుగుని అందరికంటే ముందు చూసింది నా కన్నే కదా అనిపిస్తుంది. ఇప్పటికీ, ఇది రాస్తున్నప్పుడు కూడా, అలాగే అనిపిస్తోంది. నేను దాచను.

పోయిన ఏడాది తెలుగువాళ్ళ ఫంక్షన్‌లో ఆమెకి సన్మానం చేశారు. పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడింది. మొదటి మాట దగ్గర చాలాసేపు ఆగింది. హాలంతా ఆమెతో పాటు ఆగింది. తర్వాత అంది: "లలితా ఆంటీ నన్ను చూడలే. నా మాట వినలే. అట్లనే నమ్మి పిలిచింది. చూడకుండ ఒకరు నన్ను నమ్మిన్రని, ఆ ఒక్క ధైర్యంతోని ఇంత దూరం వచ్చిన." ఆంటీ అప్పటికే వేరే రాష్ట్రంలో, కాపెల్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆనాడు పాట్‌లక్‌లో చూసినవాళ్ళూ ఎప్పుడో తలోవైపు వెళ్ళిపోయారు. కాదనేవాళ్ళెవరూ లేరు అక్కడ. అక్క నా వైపు చెయ్యి చూపించింది. "ఇంకొకరు మా చెల్లె. నన్ను వీడియో తీసి, వద్దంటే అప్పటికప్పుడే చెరిపేసింది. నా మాటకు విలువిచ్చిన మొదటి మనిషి."

చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి దణ్ణం పెట్టాను. ఏం చెయ్యను మరి? గర్వంతో నా కళ్ళు చెమ్మగిల్లాయి. నిజంగా గర్వమే. కానీ అక్క కళ్ళల్లోకి చూడకుండానే కూర్చున్నాను.

ఆమెకి ఎందుకు చెప్పలేదంటారా? చెప్తే ఆమె నిలబడ్డ నేలని కాళ్ళ కింద నుంచి లాగేసినట్టవుతుందని నాకు నేను చెప్పుకుంటాను. అది నిజమే కావచ్చు. ఆమె కళ్ళల్లో నేను చిన్నదాన్నయిపోతానన్న భయం కూడా అంతే నిజం. ఈ రెంటిలో ఏది పెద్దదో తేల్చుకునే ధైర్యం నాకు లేదు. మంచే జరిగింది కదా అని మీరు అంటారేమో. దయచేసి అనకండి. ఆ టీవీ ముందు నిలబడ్డప్పుడు నేను మంచి గురించి ఆలోచించలేదు. జరిగిన మంచిలో నా వాటా అడుక్కోవడానికి ఇది రాయడం లేదు.

ఒక్క మాట ఉన్నదున్నట్టు, కాగితం మీదైనా అనాలి. అంటే చాలు.

అక్కా, నిన్ను చూడకుండా పిలవలేదు. చూశాకే పిలిచారు. నిన్ను చూసి ముందు నవ్వారు. రెండుసార్లు చూపించింది నేను.