మా చెల్లెలి గోడ దాకా వచ్చిన కొలతరాయి

బీచ్ బాగుపడిందని నమ్మింది మీరే. అలలు కోసేసిన ఒడ్డున ఇసుక పోసిన రోజు ఫొటోలకు లైకులు కొట్టి, మళ్లీ అటు చూడలేదు.

ఈ రోజు చోడవరం నుంచి బస్సెక్కి, విశాఖ ఒడ్డున ఉంటున్న మా చెల్లెలు మరియమ్మ ఇంటికి వెళ్లాను. పోసిన ఇసుక ఎంత నిలిచిందో కొలిచే సర్వే ఆయన వాళ్ల వంటింటి గోడ పక్కనే కొత్త రాయి పాతుతున్నాడు. పాత రాయిని సముద్రం లాక్కుపోయింది. కొత్త రాయి నుంచి నీటి దాకా టేపు లాగి, "పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతేనండి, తీరం తగ్గలేదు" అన్నాడు.

"రాయి ఎనక్కి జరిపేక ఎలా తగ్గుతాది బాబూ? మళ్లీ వచ్చినప్పుడు నా పొయ్యిలో పాతుతావేటి?" అంది మరియమ్మ.

"రాయి జరిగిందని రాయడానికి ఫారంలో గడి లేదమ్మా."

అంకె రాసుకుని వెళ్లిపోయాడు. ఇక వెనక్కి జరపడానికి మిగిలింది ఆ వంటిల్లే. రేపు రిపోర్టు వస్తే దానికీ లైకు కొడతారా? చెప్పండి.

నేను అడిగేవి ఇవి:

పాత రాయి ఉన్న చోటు నుంచే కొలవాలి.
పోసిన ఇసుక సన్నదో ముతకదో, ఇప్పుడు మిగిలింది ఎలాంటిదో, రెండూ రాయాలి.
తుపాను తర్వాత కూడా కొలవడానికి రావాలి.
ఫారంలో ఆ గడి పెట్టాలి.
మరో రాయి పాతేముందు మరియమ్మను అడగాలి.